చివరి గట్టు ఎవరిది?

ఇంట శుభకార్యము తలపెట్టి వాకిట పందిరి వేయించినవారెవరైనను ఈ చిన్న చిక్కును చూచియేయుందురు. వరుసకు ఐదు అంకణములు కావలెనని ఐదే గుంజలు తెప్పించితిమేని, చివరి అంకణమునకు గుంజ యుండదు. ఐదు అంకణములకు ఆఱు గుంజలు కావలెను. మా నాయన లెక్కలలో గట్టివాడని ఊరంతయు పేరు. అయినను మా పెండ్లి పందిరికి ఒక గుంజ తక్కువై, ముహూర్తము దగ్గఱపడుచుండగా రెండు వీథుల అవతలి నుండి ఒక వాసమును మోసితెచ్చి నిలిపిరి.

ఇట్టిదే మఱియొకటి. ఆదివారమునాడు వచ్చిన చుట్టము మఱుసటి ఆదివారమున ప్రయాణమైనచో, ఆమె యెనిమిది దినములున్నదని కోడలును, ఏడే దినములని అత్తగారును వాదించుకొనుట మనమెఱుగనిది కాదు. ఇద్దఱి మాటయు నిజమే. ఒకరు పగళ్లను లెక్కించిరి, ఒకరు రాత్రులను లెక్కించిరి.

మేము బెంగుళూరు నగరమున పదునెనిమిదేండ్లు చేసిన యుద్యోగములో సగము ఈ గుంజల లెక్కయే యన్నచో పరిహాసమనుకొందురేమో! కంప్యూటరునందును, మీ చేతిలోని ఫోనునందును ఆపరేటింగు సిస్టమను మూలప్రోగ్రాము ఒకటి యుండును. తక్కిన ప్రోగ్రాములన్నియు దాని చెప్పుచేతలలో మెలగును. ఉమ్మడి కుటుంబములో పెద్దకోడలు కొట్టుగది తాళములు బొడ్డున దోపుకొని, ఎవరికెంత బియ్యమో కొలిచియిచ్చి, మిగిలినది మరల గాదెలో పోయించునట్లు, ఈ సిస్టము మెమరీని అడిగినవారికి పంచిపెట్టి, పని తీఱిన పిదప తిరిగి పుచ్చుకొనును. ఆ పంపకపు భాగమును వ్రాయుటయు, ఇతరులు వ్రాసినదానిని సరిచూచుటయు మా పని.

ఈ పంపకము గింజ గింజగా జరుగదు. మెమరీని 4096 బైట్ల చొప్పున సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమును పేజీ యందురు. పండ్రెండు రెండులను హెచ్చవేయగా వచ్చిన సంఖ్య 4096. ఇందులో వింత లేదు. మన పాత కొలపాత్రలును ఇట్టివే గదా! రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. రెట్టింపు చొప్పున పెరుగు కొలతలను సగపాలు చేయుటయు, కూడుటయు మనకెంత సులభమో యంత్రమునకును అంత సులభము.

ఇప్పుడు మీ యింట 37 మానికల బియ్యమున్నదనుకొనుడు. నాలుగు మానికలు కుంచము గనుక, ఎన్ని కుంచములు కావలెను? తొమ్మిది నిండగా ఒక మానిక మిగులును. దానికై పదవ కుంచము తీయవలెను. ఇందుకు నోటిలెక్క యొకటి కలదు. 37కు మూడు కలిపి, నాలుగుతో భాగించి, శేషమును వదలివేయుడు. నలుబదికి పది కుంచములు. బియ్యము సరిగా 36 మానికలే యైనచో, మూడు కలుపగా 39, భాగింపగా తొమ్మిది, శేషము పోవును. కలుపవలసినది మూడే కాని నాలుగు కాదు. నాలుగు కలిపితిమా, 36 మానికలకును పది కుంచములు వచ్చి, పదవది ఊరక వట్టిగా కూర్చుండును. పేజీల లెక్కయు అచ్చముగా ఇదియే. 4095 కలిపి 4096తో భాగింపవలెను. 4096 కలిపినచో తప్పు.

దీనికి తోడు ఇంకొక చిక్కు కలదు. ఒక భాగము ఎక్కడ ముగియునని చెప్పుటకు రెండు వాడుకలున్నవి. యంత్రపు లెక్క సున్నతో మొదలగును గనుక మొదటి పేజీ 0 నుండి 4095 వఱకు. దాని చివర యేది? తనలోని కట్టకడపటి బైటైన 4095 అని యొకరందురు. తాను ముగిసి పొరుగుది మొదలగు 4096 అని యొకరందురు. ఎవరును తప్పు చెప్పలేదు. కాని ఒకే ప్రోగ్రాములో ఇద్దఱును కాపురముండిరా, కలహము తప్పదు. రెండవ పేజీని మొత్తము ఒకరికిచ్చి, దాని చివరను పొరుగు మొదలగు 8192 అని వ్రాసిపెట్టితిమనుకొనుడు. దానిని చదివినవాడు 8192 కూడ ఆ భాగములోనిదే యనుకొన్నచో, పొరుగువాని పేజీలో కాలు పెట్టును. పొరుగువాడు దాచుకొన్నదేదియో చెడును; ఎవరు చెఱచిరో తెలియదు. హద్దు చూచుకొనక పోయుట వలన కలుగు కీడు చిన్నది కాదు. 1988 నవంబరులో అమెరికాలోని వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసిన మోరిస్ పురుగు లోపలికి దూరిన దారులలో నొకటి, 512 బైట్లు పట్టు చోటున అంతకు మించినది పోయుటయే.

చివర యన్నమాటకు అర్థమొక్కటే యుండవలెనని మాకు మొదట నేర్పినవారు కళాశాల యుపాధ్యాయులు కారు, మా అవ్వ. మాది అనంతపురము జిల్లాలోని బెళుగుప్ప. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు జిల్లా అది. ఆ వానయైనను రావలసిన నెలలో వచ్చునన్న నమ్మకము లేదు. ఎఱ్ఱనేలలో వేఱుసెనగ విత్తి మబ్బు వంక చూచుచుండుటయే మావారి బ్రతుకు. 2012లో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణానది నీరు మా మండలములోని జీడిపల్లి జలాశయమునకు చేరినది గాని, మా చిన్ననాట నీరనగా ఆకాశము నుండి రావలసినదే. అట్టి చోట అడుగు నేల పోవుట చిన్న మాట కాదు. గట్టు మీది గడ్డి ఎవరి యెద్దు మేయవలెననుట కూడ చిన్న మాట కాదు.

మా తాతగారి పొలము పడమటి నుండి తూర్పునకు నాలుగు చెక్కలు. వాన గట్టిగా కురిసి గట్టు తెగినప్పుడెల్ల దానిని కట్టవలసినవారెవరని పొలము చేయువారిలో మాట వచ్చెడిది. మా అవ్వకు అక్షరములు రావు. ఆమె యొక్కటే మాట చెప్పెడిది. "పడమర గట్టు మనది, తూర్పు గట్టు అవతలోళ్లది. ఎవురికైనా అంతే." ప్రతివారును తమ మొదటి గట్టును తమదిగా నెంచి, చివరి గట్టును పొరుగువారి మొదటి గట్టుగా విడిచిపెట్టినచో, ప్రతి గట్టునకును యజమానుడొక్కడే యుండును. ఏ గట్టును ఇద్దఱి పాలబడదు, ఏ గట్టును దిక్కులేనిది కాదు. కడపటి చెక్కకు తూర్పున బండ్ల బాట యుండుటచే అక్కడ తగవే లేదు. అవ్వ యున్నన్నాళ్లు ఈ మాటకు ఎదురులేకుండెను. ఆ తరువాతి సంగతి తరువాత చెప్పెదము.

ఉద్యోగమున కుదిరిన పిదప ఒక చిన్న వ్యాసము మా చేతికి వచ్చెను. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా యను డచ్చి శాస్త్రజ్ఞుడు 1982 ఆగస్టులో వ్రాసినది. లెక్క సున్నతో ఏల మొదలుపెట్టవలెననునది అందలి విషయము. మొదలును కలుపుకొని చివరను విడిచిపెట్టు పద్ధతియే మేలని ఆయన వాదన. అట్లు చేసినచో, చివర నుండి మొదలును తీసివేయగా నేరుగా పొడవు వచ్చును. ఒకదాని చివరయే దాని ప్రక్కదానికి మొదలగును. ఏమియు లేని వట్టి భాగమును చెప్పవలసినప్పుడు మొదలును చివరయు ఒకే సంఖ్య యగును. జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున మీసా యను ప్రోగ్రామింగు భాషలో హద్దులను నాలుగు విధముల చెప్పుటకు వీలుండెనట. ఈ విధము గాక తక్కిన మూడింటిని వాడినచోట తప్పులు దొరలుచుండెనని అనుభవము వలన తేలినట్లు ఆయన వ్రాసెను. చదివి, మేము నవ్వుకొంటిమి. పడమర గట్టు మనది, తూర్పు గట్టు అవతలివారిది! ఈ ముచ్చట చెప్పుకొనుటకు అవ్వ యప్పటికి లేదు.

ఇంత తెలిసియు మేము చేసిన పని వినుడు.

ఒక చిన్న యంత్రము కొఱకు మెమరీ పంచు భాగమును మేమే వ్రాసితిమి. ఇచ్చునప్పటి లెక్కను ఒక వేసవిలో వ్రాసితిమి. అందు చివర యనగా కట్టకడపటి బైటు. తిరిగి పుచ్చుకొనునప్పటి లెక్కను కొన్ని నెలల పిదప, పిల్లవాని జ్వరముతో రెండు రాత్రులు నిద్రలేక యున్నప్పుడు వ్రాసితిమి. అందు చివర యనగా పొరుగుది మొదలగు చోటు. ఫలితముగా, పుచ్చుకొనునప్పుడెల్ల కడపటి పేజీ పొరుగువారిదని తలచి యంత్రము దానిని విడిచిపెట్టుచుండెను. ఇచ్చినది గుర్తున్నది, తిరిగి వచ్చినది లేదు.

ఒక పేజీ పోయిన నేమి? ఆ యంత్రమున 512 మెగాబైట్లు, అనగా 1,31,072 పేజీలు. పది సెకనుల కొకమాఱు ఈ ఇచ్చిపుచ్చుకొనుట జరుగుచుండెను. దినమునకు 8,640 మాఱులు. మా పరీక్షలన్నియు రెండు మూడు దినములవి గనుక వానిలో నేమియు పట్టువడలేదు. పదునొకండు దినములు యంత్రము చక్కగా నడచెను. పండ్రెండవ దినమున, లక్షకు చేరువగా పేజీలు ఈ విధమున జాడ తెలియక పోగా, తక్కినవి ఇతర పనులలో చిక్కుకొనియుండగా, క్రొత్తగా అడిగినవారి కిచ్చుటకు ఒక్క పేజీయు లేక నిలిచిపోయెను.

ఆ నెలలోనే మా బృందమున చేరి, తన మొదటి మార్పును చేర్చిన కర్నూలు పిల్ల యొకతె యుండెను. క్రొత్తగా వచ్చి చేరినదేమని పైవారు వెదకగా ఆమె పేరు కనబడెను. ఇంకేమున్నది! ఆమె సరిగా భోజనము కూడ చేయక తన పది పంక్తులను నూఱు మాఱులు చదువుకొనుచు కూర్చుండెను. మాకు మొదటి సాయంకాలముననే అనుమానము తగిలినది. చెప్పలేదు. ఇంటి అప్పు, పిల్లవాని చదువు, రానున్న పదోన్నతి, ఇవన్నియు కారణములని వ్రాయవచ్చును గాని, నిజమునకు సిగ్గే కారణము. అన్నియు తెలిసినదన్న పేరు పోవునన్న సిగ్గు. రెండు రాత్రులు గడచిన పిదప ఉదయముననే ఆమెను పిలిచి, తప్పు మాదని తెరమీద చూపితిమి. ఆమె చాల సేపు చూచి, "ఇంతేనా అక్కా? ఒక్కటేనా తేడా?" అనెను. అంతకు మించి యొక్క మాట యనలేదు. పైవారితోను ఆనాడే చెప్పితిమి. వారు మమ్మేమియు చేయలేదు. ఆ పిల్ల పడిన రెండు రాత్రుల మాట మాత్రము ఎవరును ఎత్తలేదు.

ఈ తప్పును దిద్దుటకు ఒకచోట ఒకటి కలిపిన చాలును. అంతటితో ముగింపుమనిరి. ముగింప మనసు రాలేదు. వెదకి చూడగా ఈ హద్దు లెక్కయే పదునేడు చోట్ల, ఇంచుమించు పదునేడు విధములుగా వ్రాయబడియుండెను. ఒకచోట 4095 కలిపిరి. ఒకచోట 4096 కలిపి పిదప ఒకటి తీసివేసిరి. ఇంకొకచోట శేషము సున్నయా కాదా యని ముందు విచారించి, తరువాత భాగించిరి. జవాబు ఒకటే వచ్చుచోట్ల కూడ, చదువువారు ప్రతిసారియు ఆగి, కాగితము తీసికొని, మరల లెక్క వేసి చూచుకొనవలెను. పదునేడు మాఱులు ఆగువాడు పదునెనిమిదవసారి ఆగడు. తప్పు దొరలునది అక్కడనే. కావున హద్దు లెక్క ఒకే ఫంక్షనులో నుండవలెననియు, చివర యన్నమాటకు పొరుగుది మొదలగు చోటను ఒకే యర్థముండవలెననియు, తక్కినవన్నియు ఆ ఫంక్షనునే పిలువవలెననియు మేము పట్టుబట్టితిమి.

నడచుచున్నదానిని ముట్టవలదని మాకంటె పెద్దవాడైన ఇంజనీరు అడ్డు చెప్పెను. ఆయన మాటను చులకన చేయరాదు. చూపునకు బాగుండలేదని పాతయింటి గోడ తీయించి, మిద్దె కూల్చుకొన్నవారిని మేమెఱుగుదుము. అందుచే ఒక ఒప్పందమునకు వచ్చితిమి. ఒక్కొక్క చోటుగా మార్చవలెను. మార్చినప్పుడెల్ల హద్దునకు ఒకటి తక్కువ, సరిగా హద్దు, ఒకటి హెచ్చు, అనగా 4095, 4096, 4097 పొడవులతో పరీక్షింపవలెను. సున్న పొడవుతోను, యంత్రములోని కట్టకడపటి పేజీతోను కూడ పరీక్షింపవలెను. చెడినచో ఆ యొక్క మార్పునే వెనుకకు తీసికొనవలెను.

ఐదు చోట్ల సుఖముగా జరిగెను. ఆఱవచోట సరిదిద్దినంతనే యంత్రము పడిపోయెను! విచారింపగా కథ యిది. పూర్వమెవరో అచ్చట ఒక పేజీ తక్కువగా లెక్కించిరి. కొన్నేండ్లకు వచ్చిన మఱియొకరు కారణము వెదకక, తాము అడుగునప్పుడే ఒక పేజీ హెచ్చుగా అడుగుట యలవాటు చేసికొనిరి. అత్తగారు చారులో ఉప్పు తక్కువ వేయుదురని యెఱిగిన కోడలు కూరలో ఉప్పు హెచ్చుగా వేయుచుండును. భోజనము సరిపోవును. ఒకనాడు అత్తగారు చారులో సరిగా వేసిరా, కూర నోట పెట్టరాదు. ఇట్టివి రెండు దొరకినవి. మొత్తము మూడు వారములు పట్టెను. తీసివేసిన పంక్తులు తొంబదికి పైన, చేర్చినవి ఇరువదిలోపు. మొదటి నుండి చివరి వఱకు సరిచూచినది ఆ కర్నూలు పిల్లయే.

పెద్దలకును ఇట్టి చిక్కులే కలుగునని చూపుటకు ఒక్క యుదాహరణము. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు నేడు ఆండ్రాయిడ్ ఫోనులకన్నిటికిని మూలము. అందు ఒక పేజీ యెక్కడ నున్నదో కనుగొనుటకు జిల్లా, మండలము, గ్రామము, వీథి యన్నట్లు అంతస్తుల పట్టికలుండును. ప్రతి అంతస్తునకును తన హద్దులు, తన లెక్క. 32 బిట్ల యంత్రములో చిరునామాలు 4,29,49,67,296. కడపటి పేజీని దాటినచో మరల సున్న వచ్చును, గడియారమున పండ్రెండు తరువాత ఒకటి వచ్చునట్లు. అప్పుడు "తరువాతి హద్దు, మనము చేరవలసిన చివర కంటె చిన్నదా?" యని యడిగినచో, సున్న చిన్నదే గనుక తలక్రిందుల జవాబు వచ్చును. అందుచే పాత వ్రాతలో ప్రతి అంతస్తునందును రెండు ప్రశ్నలు వేసెడివారు. సున్నకు వచ్చితివా? చివరకు వచ్చితివా?

2005లో పట్టికలు నాలుగంతస్తులైన సమయమున, హ్యూ డికిన్స్ అను ఆయన ఈ లెక్కలను అంతస్తున కొకటి చొప్పున చిన్న సూత్రములలోనికి చేర్చెను. అందలి యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలుపును. తరువాతి హద్దు నుండి ఒకటి, చేరవలసిన చివర నుండి ఒకటి తీసివేసి, ఆ పిదప రెండింటిని పోల్చుట! హద్దు తిరిగి సున్నయైనచో, సున్నలో ఒకటి తీసివేయగా గడియారము వెనుకకు తిరిగినట్లై, ఆ యంత్రము పట్టగల మిక్కిలి పెద్ద సంఖ్య వచ్చును. ఇక అది చివర కంటె చిన్నది కానేరదు. రెండు ప్రశ్నలకు బదులు ఒకటే ప్రశ్న. 2017లో ఐదవ అంతస్తు చేర్చవలసివచ్చినప్పుడు దానికిని అదే పోలిక సూత్రము నొకటి వ్రాసికొనిరి. క్రొత్తగా తల బ్రద్దలుకొట్టుకొనలేదు.

ఇక అవ్వ తరువాతి సంగతి. ఆమె పోయిన పిదప మా నాయనయు చిన్నాయనయు పొలము పంచుకొనిరి. పడమటి రెండు చెక్కలు నాయనకు, తూర్పు రెండు చెక్కలు చిన్నాయనకు. పంపకపు కాగితము వ్రాసినవాడు నాయన భాగమునకు పడమటి గట్టు మొదలు తూర్పు గట్టు వఱకు నని వ్రాసి, చిన్నాయన భాగమునకును ఆ మాటయే వ్రాసెను. నడిమి గట్టు రెండింటను ఎక్కెను. మూడడుగుల వెడల్పు, పది గొలుసుల పొడవు, అనగా 660 అడుగులు. నాలుగున్నర సెంట్ల నేల, దానిమీద ఒక వేపచెట్టు. ఇందుకై అన్నదమ్ములు పదునాలుగేండ్లు మాటలాడుకొనలేదు. మా పెండ్లికి చిన్నాయన రాలేదు. పందిరి గుంజ తక్కువైనప్పుడు రెండు వీథుల అవతలి నుండి వాసము తెచ్చిరని చెప్పితిమి గదా! పక్కనే చిన్నాయన యింటి వాకిట గుంజలు గోడకు ఆనించి యుండెను.

పదునేడు చోట్ల లెక్క ముగిసిన సంవత్సరము సంక్రాంతికి ఊరికి పోయి, చిన్నాయన యింటి అరుగుపైన కూర్చుంటిమి. ముగ్గుపిండితో నాలుగు చెక్కలు గీసి, గట్లు ఎన్నియో లెక్కింపుమంటిమి. ఆయన వ్రేలితో చూపుచు లెక్కించెను. తూర్పున బాట గనుక గట్లును నాలుగే. చెక్కకొక గట్టు. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఇది మా అమ్మ లెక్క గదా పాపా, నీకెవురు చెప్పిరి?" అనెను.

ఆ లెక్క ప్రకారము నడిమి గట్టు చిన్నాయనది. ఆ మాట నాయనకు చెప్పవలసిన పని మాపై పడెను. సంక్రాంతినాడు చెప్పలేక కనుమనాడు చెప్పితిమి. నాయన కాఫీ లోటా క్రింద పెట్టి, మిద్దె దూలము వంక చూచుచు, "అమ్మ మాట కాగితంలో రాయించాల్సిండె" అనెను.

మఱుసటి వారము అన్నదమ్ములిద్దఱును ఒకే కల్యాణదుర్గము బస్సు ఎక్కిరి. వేఱు వేఱు సీట్లలో కూర్చుండిరి. క్రొత్త కాగితమున నాయన భాగమునకు తూర్పు గట్టు వఱకు నన్న మాట కొట్టివేసి, తూర్పు గట్టునకు ఈవల వఱకు నని వ్రాయించిరి. వేపచెట్టు అంతకు రెండేండ్ల క్రిందటి కఱవులోనే యెండిపోయినది.